ఆయా సెలవుల పుస్తకం

మొన్న మీరు పెట్టుకున్న క్లాసుకు నేను రాలేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఇరవై మంది మైకు సరిచేసుకుని, శాలువా కూడా తెచ్చిపెట్టుకుని ఎదురుచూశారట. సెలవు నిబంధనల మీద చెప్పడానికి కర్నూలులో నాకంటే తగినవాడు లేడని మీ సూపరింటెండెంటు ఫోన్లో అన్నాడు. అది నిజమే. అయినా రాలేదు. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో నేను ఎందరినో సంజాయిషీ అడిగాను. నేను ఎవరికీ ఇచ్చుకోవాల్సిన అవసరం రాలేదు. ఇదే మొదటిది, కాబట్టి కాస్త పొడుగైంది. ఓపిగ్గా చదవండి.

మీకు సెలవంటే ఫోన్లో రెండు నొక్కులు. మా ఆఫీసులో సెలవంటే నేను. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట్లో పెళ్ళైనా, ఎవరి అత్తగారు కాలు విరగ్గొట్టుకున్నా ఆ కాగితం నా బల్ల మీదికి రావాల్సిందే. ఆదివారాన్ని ముందు కలుపుకున్నాడా, రెండో శనివారాన్ని వెనక కలుపుకున్నాడా అని నేను చూసే చూపుకు మనుషులు వణికేవాళ్ళు. ఒక జూనియర్ అసిస్టెంటు తన పెళ్ళికే సెలవడిగాడు. ముహూర్తం శుక్రవారమైతే మంగళవారం నుంచి సెలవెందుకని రాసి తిప్పి పంపాను. పాపం, పెళ్ళికొడుకు లగ్నపత్రిక జిరాక్సు తీసి జతచేశాడు. రెండు రోజులు మంజూరు చేశాను. అతను ఇప్పటికీ నేను ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కకు పోతాడు.

ఇతరులకు ఒక నీతి, నాకొక నీతి అనుకునేరు. నేనూ సెలవు పెట్టేవాణ్ణి కాదు. మా అమ్మాయి పుట్టిన రోజున కూడా ఆఫీసు మూసేశాకే ఆస్పత్రికి వెళ్ళాను. ఈ సంగతి నేను చాలా ఏళ్ళు గొప్పగా చెప్పుకున్నాను. నా భార్య కూడా చెప్పేది, కానీ ఆమె గొంతు వేరుగా ఉండేది.

ఆ అమ్మాయే పెద్దదై కర్నూలులో ఒక కాలేజీలో లెక్చరరైంది. అల్లుడికి మంగంపేట గనుల దగ్గర ఉద్యోగం. ఆయన వారానికో రోజు వస్తాడు. అందుకని అమ్మాయీ, మనవరాలూ మా ఇంట్లోనే ఉన్నారు. నా భార్యకు మోకాళ్ళ నొప్పులు, పసిపిల్ల వెనక పరిగెత్తలేదు. ఒక ఆయా కావాల్సి వచ్చింది. మా ఆఫీసు అటెండరు ఎమ్మిగనూరు మనిషి, అందరం ఆయన్ని భాయ్ అనేవాళ్ళం. ఆయనే మంత్రాలయం దగ్గరి పల్లె నుంచి ఒకామెను తీసుకొచ్చాడు. నలభై ఐదేళ్ళుంటాయి, భర్త లేడు. మనిషి సన్నం, గొంతు పెద్దది. చదువు రాదు. మా ఇంట్లోనే ఉండడం, తినడం.

వచ్చిన పది రోజులకే మా పాప ఆమె చంక దిగనంది. నాకు ముచ్చటేసింది. వెంటనే ఆ ముచ్చటను కాగితం మీద పెట్టాలనిపించింది. నా రోగం అది. పొడుగాటి నోటుపుస్తకం ఒకటి కొని, గీతలు గీసి, అట్ట మీద 'సెలవు ఖాతా' అని రాశాను. ఏడాదికి పదిహేను రోజులు, జీతంతో. ఆమెను కూర్చోబెట్టి వివరంగా చెప్పాను.

"పని జేయకపోయినా జీతమిస్తారా సార్?" అంది నమ్మలేనట్టు.

"ఇస్తాను. అది నీ హక్కు."

"శానా పెద్ద మనసు సార్ మీది" అంది. ఆ మాట నాకు బాగా పట్టింది. మర్నాడు ఆఫీసులో చెప్పాను, మా ఆఫీసరుకు చెప్పాను, కూరగాయల మార్కెట్లో కనబడిన పాత సహోద్యోగికి కూడా చెప్పాను. ఏ ఇంట్లో ఉందయ్యా ఆయాకు జీతంతో సెలవు? అందరూ మెచ్చుకున్నారు. భాయ్ ఒక్కడే టీ గ్లాసులు తీసుకుపోతూ ఆగాడు.

"మంచి పని సార్. అయితే ఆ సెలవు ఎప్పుడు తీసుకోవాలో ఎవరు చెప్తారు? ఆమెనా, మీరా?"

"అది ఇద్దరికీ వీలు చూసుకుని" అన్నాను.

"అట్లయితే మీరే" అని వెళ్ళిపోయాడు. అటెండర్లకు వెటకారం ఎక్కువని ఆరోజు అనుకున్నాను.

ఏడాది గడిచింది. మేము కుటుంబమంతా తిరుమల వెళ్ళాం, నాలుగు రోజులు. పాప మాతోనే ఉంది కాబట్టి ఆయాకు పని లేదు. పని లేకపోతే సెలవే కదా, ఖాతాలో నాలుగు వేశాను. దసరాకు కడపలో అల్లుడిగారి తల్లిదండ్రుల దగ్గర ఐదు రోజులున్నాం, ఐదు వేశాను. వేసవిలో మంగంపేట క్వార్టర్స్‌లో నాలుగు రోజులు, అవీ వేశాను. ఆ రోజుల్లో ఆమె ఎక్కడుందని అడుగుతారేమో. మా ఇంట్లోనే ఉంది. ఇల్లు ఖాళీగా పెట్టి పోతే దొంగల భయం కదా. వరండా కడిగి, కుండీలకు నీళ్ళు పోసి, పాల ప్యాకెట్లు తీసుకుని, మేము వచ్చేసరికి వేణ్ణీళ్ళు కాచి పెట్టేది. సెలవులో ఉన్న మనిషి ఇంత పని చేయడం ఆమె మంచితనమని నేను అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, నవ్వకండి.

బనగానపల్లెలో మా చుట్టాల పెళ్ళి దగ్గరే నాకు కొంచెం చిక్కొచ్చింది. మూడు రోజుల పెళ్ళి, పాపను ఎత్తుకోవడానికి ఆమెనూ తీసుకుపోయాం. పాపను ఎత్తుకుంది, అంటే డ్యూటీ. కానీ పెళ్ళి భోజనం చేసింది, మేళం విన్నది, మా అమ్మాయిచ్చిన పట్టుచీర కట్టుకుంది, అంటే సెలవు. చాలాసేపు ఆలోచించి మధ్యేమార్గంగా మూడు రోజులకు ఒకటిన్నర సెలవు వేశాను. ఇంత న్యాయంగా ఆలోచించేవాడు ఇంకొకడుంటాడా అని నాకు నేనే సంతోషపడ్డాను.

నా రిటైర్మెంటుకు రెండు నెలలుందనగా, ఒకరోజు పొద్దున ఆమె నా కుర్చీ దగ్గరకు వచ్చి నిలబడింది.

"సార్, నాకు పది దినాలు సెలవు కావాల. మా ఊరికి పోవాల."

"ఎప్పటినుంచి?"

"రేపట్నించే సార్."

"ముందు చెప్పాలి కదమ్మా. ఉన్నట్టుండి అడిగితే పాపను ఎవరు చూస్తారు?" ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. "ఇంతకూ ఎందుకు?"

"నా మనవనికి పాలు మాన్పియ్యాల."

మా పడమటి పల్లెల సంగతి తెలియని వాళ్ళ కోసం ఒక మాట. అక్కడ చేలల్లో పనులు అయిపోయాక కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని లారీలెక్కి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాయి. దాన్ని సుగ్గికి పోవడమంటారు. ఏడాది తిండి చాలామందికి ఆ రెండు నెలల మీదే ఆధారపడి ఉంటుంది. ఆయా కూతురూ, అల్లుడూ ఆ లారీ ఎక్కాలి. చంకలో ఏడాదిన్నర పిల్లవాడు, ఇంకా తల్లిపాలే.

"పాలు తాగే పిల్లోన్ని ఎత్తుకోని మిరప చేండ్లకు యాడ పోతాది సార్? కంట్లో నోట్లో అంతా మంట. లారీ వచ్చేలోపల పాలు మాన్పిస్తే మా అమ్మకాడ ఇడిసిపెట్టి పోతాది. తల్లి కంటికి కనపడితే వాడు మానడు. తల్లిని పక్కింట్లో దాచిపెట్టి ఎవరో ఒకరు ఎత్తుకోని తిప్పల్ల. మా అమ్మ ముసల్ది, చూపు ఆనదు. నేనే పోవాల సార్."

నాకు తెలిసిన సెలవులన్నీ వరుసగా గుర్తుచేసుకున్నాను. ప్రసవానికి సెలవుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషనుకు ఉంది. కుక్క కరిస్తే కూడా ఏదో ఒకటి ఉంది. మనవడికి పాలు మాన్పించడానికి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. సరే, కారణం పక్కన పెడదామని ఖాతా తెరిచాను. పదిహేనులో పద్నాలుగున్నర అయిపోయాయి. మిగిలింది అర రోజు.

"నేను యాడికీ పోలేదు గదా సార్?" అంది.

చదివి వినిపించాను. తిరుమల నాలుగు, కడప ఐదు, మంగంపేట నాలుగు, పెళ్ళి ఒకటిన్నర. ఆమె వేళ్ళు మడుచుకుంటూ విన్నది. కోపం రాలేదు, ఏడవలేదు. ఆశ్చర్యపోయినట్టు మాత్రం చూసింది.

"మీరు తిరపతికి పోతే నాకు సెలవా సార్?"

మా అమ్మాయి లోపలినుంచి "నాన్నా, ఏందిది, పోనీ" అంది. నా భార్య పుస్తకం వంక చూసింది. ఇంత జరిగాక దిగిరావడం నాకు చేతకాలేదు. ఉన్న అర రోజుకు వచ్చే ఏడాది ఖాతాలోంచి మూడున్నర రోజులు ముందుగా కలిపి, నాలుగు రోజులు మంజూరు చేశాను. చాలా ఉదారంగా చేస్తున్నాననే అనుకున్నాను. ఆమె "సరే సార్" అని సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

ఐదో రోజు రాలేదు. ఆరో రోజూ రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. ఇంట్లో పాప అన్నం ముట్టదు, ఎవరు ఎత్తుకున్నా జారిపోతుంది. అమ్మాయి కాలేజీకి సెలవు పెట్టింది. నాకు ఒళ్ళు మండింది. ఆఫీసులో కూర్చుని అలవాటైన చేతితో ఒక మెమో రాశాను. మంజూరైన సెలవు ముగిసినా విధుల్లో చేరనందుకు తగిన సంజాయిషీ ఇవ్వవలసినదిగా, అంటూ పూర్తి పాఠంతో రాశాను. భాయ్‌ని పిలిచి ఇచ్చాను.

"ఆమెకు చదువు రాదు గదా సార్. ఎవరు చదివి వినిపిస్తారు?"

"నువ్వే."

"నేను చదివితే నవ్వుతాది సార్. నవ్వకూడదని కూడా కింద ఒక లైను రాయండి."

మెమో లాక్కుని జేబులో పెట్టుకున్నాను. అదే సమయానికి మంత్రాలయం దర్శనానికి వెళ్ళొచ్చిన మా టైపిస్టు ప్రసాదం పంచుతూ ఒక నిప్పు పడేసింది.

"సార్, మీ ఆయా ఏటి గట్టుకాడ కనపడింది. చంకలో ఎవరి పిల్లోడో, గుక్కపెట్టి ఏడుస్తాండాడు. నేను పిలిచేలోపల జనంలో కలిసిపోయె."

చాలు, నాకు అంతా అర్థమైపోయింది. పాలు మాన్పించడమట! యాత్రకొచ్చిన ఏ డబ్బున్నవాళ్ళ పిల్లాణ్ణో మోస్తోంది. మన సెలవు తింటూ ఇంకొకరి దగ్గర డ్యూటీ! ఇలాంటి కేసులు నేను సర్వీసులో బోలెడు పట్టుకున్నాను. మెడికల్ లీవు పెట్టి చీటీల వ్యాపారం చేసుకునే వాణ్ణి ఇంటికెళ్ళి పట్టుకున్న ఘనుణ్ణి నేను. మర్నాటికి క్యాజువల్ లీవు రాశాను, కారణం 'సొంత పని'. ఆయా సెలవును పట్టుకోవడానికి నేను సెలవు పెట్టానన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. భాయ్‌కి తట్టినట్టుంది, కాగితం తీసుకుంటూ కిందికి చూసుకున్నాడు.

ఆ మెమో కూడా జేబులో పెట్టుకుని, కారు మాట్లాడుకుని బయల్దేరాం. నా భార్య వస్తానంది, పాపను ఇంట్లో ఉంచితే ఊరుకోదు కాబట్టి దాన్నీ ఎక్కించాం. దారి పొడుగునా అడగాల్సిన ప్రశ్నలు మనసులో వరుసగా పేర్చుకున్నాను.

ఊళ్ళో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఏడుపే దారి చూపించింది. బండలు పరిచిన చిన్న ఇల్లు, అరుగు మీద ఒక ముసలామె. వాకిట్లో మా ఆయా కూర్చుని ఉంది, ముందు గిన్నెలో పాలల్లో నానబెట్టిన జొన్నరొట్టె. ఎదురుగా మట్టిలో బోర్లాపడి ఒక పిల్లవాడు. గొంతు బొంగురుపోయి ఏడుపు గీరుకుంటూ వస్తోంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆరు రోజుల్లో ఆరేళ్ళు మీదపడ్డట్టుంది మనిషి.

"నాలుగు రోజులన్నావు" అన్నాను, అనుకున్న ప్రకారం.

"నాలుగో దినం పిల్లోనికి జరమొచ్చె సార్. వాళ్ళమ్మ పక్కింట్లో ఉండి ఏడుపు ఓర్చుకోలేక ఉరికొచ్చి పాలిచ్చేసె. మల్ల మొదట్నించి మొదలు. ఏటికాడికి ఎత్తుకపోతి, నీళ్ళు జూస్తే ఊరుకుంటాడేమోనని. ఊరుకోల్యా. రేపే లారీ." మోకాళ్ళ మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "నాకాడికి రాడు సార్ వీడు. ఎట్లొస్తాడు? పుట్టినంక మూడుతూర్లు జూసినా వీన్ని. మీ పాపకు నిద్రొస్తే ఏ చెవి పట్టుకుంటాదో నాకు తెల్సు. వీనికి ఏముంటే తింటాడో కూడా తెలీదు."

పేర్చుకున్న ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాను. చెప్పకూడదు గానీ, నాకు అప్పుడు నిజంగా సిగ్గేసింది.

ఈలోపు నా భార్య చంకలోంచి మా పాప ఒక్క దూకు దూకింది. పోయి ఆయా కొంగు లాగి కింద కూర్చోబెట్టి, ఒళ్ళో ఎక్కి కూర్చుని, ఆరు రోజుల ఆకలంతా అప్పుడే గుర్తొచ్చినట్టు నోరు తెరిచింది. ఆమె అలవాటు ప్రకారం రొట్టె మెత్తగా మెదిపి పెట్టింది. పాప తిన్నది, మళ్ళీ నోరు తెరిచింది. మట్టిలో ఉన్నవాడు ఏడుపాపి తలెత్తాడు. ఎవరో కొత్త పిల్ల తన గిన్నె ఖాళీ చేస్తోంది, తన మనిషి ఒళ్ళో కూర్చుని! పాక్కుంటూ వచ్చాడు. మా పాప జుట్టు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. అది కెవ్వుమంది. నా భార్య కదలబోతే ఆయా చేత్తో వద్దని ఆపింది. వాడు రెండో మోకాలి మీదికెక్కి కూర్చుని, మా పాపను మోచేత్తో నెట్టి, నోరు తెరిచాడు.

ఒక ముద్ద పెట్టింది. మింగాడు. ఇంకోటి పెట్టింది.

"తింటాండాడా?" అని అడిగింది అరుగు మీద ముసలామె, కళ్ళు ఇటు తిప్పి.

"తింటాండాడు మా" అంది ఆయా. అంటూనే ఏడ్చేసింది. పక్కింటి గోడ అవతల కూడా ఎవరో వెక్కిన శబ్దం వినిపించింది.

తర్వాతి నిర్ణయాలేవీ నా బల్ల మీదికి రాలేదు. నా భార్యే తీసుకుంది. ఈ చూపు లేనామె దగ్గర రెండు నెలలు పిల్లవాణ్ణి ఎట్లా వదుల్తారు, మన పాప పక్కనుంటేనే కదా తింటున్నాడు, ఇద్దర్నీ తీసుకుపోదాం, కారులో చోటుంది, అంది. నేను ఏదో అనబోయాను. ఏమనబోయానో ఇప్పుడు గుర్తులేదు, కచ్చితంగా నిబంధనే అయి ఉంటుంది. దారిలో పిల్లలు తినడానికి ముసలామె బొరుగులు తెచ్చింది. పొట్లం కట్టడానికి కాగితం లేదు.

"మీ జేబులో ఉండేది ఏమి కాగితమండీ?" అంది నా భార్య. అదేమిటో ఆమెకు బాగా తెలుసు. తీసుకుని, మడిచి, బొరుగులు పోసింది. నేను సర్వీసులో రాసిన చివరి సంజాయిషీ మెమో అట్లా బట్వాడా అయింది.

కారు కదిలేటప్పుడు పక్కింటి తలుపు సందులో ఒక పిల్ల కనబడింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. కొంగు గుండెలకు అదుముకుని కొడుకును చూస్తోంది. ఒక్క అడుగు బయటికి వేస్తే ఆరు రోజుల కష్టం మట్టిలో కలుస్తుంది. వేయలేదు. కొడుకు వెనక్కి తిరగకుండా ఆయా వాడి తలను తన భుజానికి ఆనించుకుంది. ఆ తలుపు వైపు చూసింది నేనొక్కణ్ణే. మా అమ్మాయి పుట్టిన రోజున నేను ఆఫీసులో ఎవరి సెలవు లెక్క వేస్తూ ఉన్నానో గుర్తు తెచ్చుకోవాలని ఎమ్మిగనూరు దాకా ప్రయత్నించాను. గుర్తు రాలేదు.

ఇంటికొచ్చాక ఖాతా తీసి తిరుమల, కడప, మంగంపేట, పెళ్ళి, అన్నీ ఎర్రసిరాతో కొట్టేశాను. ముందుగా కలిపిన మూడున్నర కూడా కొట్టేసి, ఊళ్ళో ఉన్న రోజులకు ప్రత్యేక సెలవు, జీతంతో, అని రాశాను. పదిహేనుకు పదిహేనూ నీవేనని ఆమెకు చదివి వినిపించాను. "కానీండి సార్" అంది, రెండు చంకల్లో ఇద్దరు పిల్లలతో. ఇద్దరూ ఇక్కడే ఉంటే ఆమె ఎక్కడికి పోతుంది? ఆ పదిహేను రోజులూ ఈ రోజుకీ చెక్కుచెదరకుండా నా పుస్తకంలో ఉన్నాయి.

రెండు నెలలకు నేను రిటైరయ్యాను. సభలో మా ఆఫీసరు, "ఈయన సెలవంటే ఎరగని మనిషి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. భాయ్ కూడా కొట్టాడు, కాస్త నిదానంగా. మర్నాడు పొద్దున కాఫీ తాగి పేపరు తీశానో లేదో, ఆయా వచ్చి పిల్లవాణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. "పాపకు నీళ్ళు పోయాల, రొంత పట్టుకోండి సార్." రొంత అంటే కాసేపు, ఆ రొంత ఇప్పటిదాకా అయిపోలేదు. సుగ్గి ఈసారి ఇంకో నెల సాగుతోంది. వాడు నా కళ్ళజోడు రెండుసార్లు విరిచాడు. నేను కనబడకపోతే వెతుక్కుంటాడు.

మీ క్లాసు ముందురోజు సాయంత్రం నేను ఆయా దగ్గరకు వెళ్ళాను. ఎందుకో చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"రేపు ఒక పూట ఆఫీసుకు పోయి రావాలమ్మా. కొత్త పిల్లలకు సెలవుల గురించి చెప్పాలంట."

ఆమె బట్టలు మడతపెడుతోంది. తలెత్తి చూసింది. ముఖంలో వెటకారం ఏ మూలా లేదు, అదే నన్ను చంపింది.

"రేపు పాపకు సూది మందు ఉండాది, నేను ఆస్పత్రికి తీస్కపోవాల. అమ్మకు మోకాళ్ళు లేయవు. ముందు చెప్పాల గదా సార్. ఉన్నట్టుండి అడిగితే పిల్లోన్ని ఎవరు చూస్తారు?"

నా భార్య వంటింట్లోంచి నవ్విన చప్పుడు వినిపించింది. నేను "సరేమ్మా" అన్నాను. ఆ పూట నాకు సెలవు దొరకలేదు.